పక్షవాతానికీ 'టెన్షన్' అనే పేరేనా?

ఆ ఉదయం 7 గంటలకి నా చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. మూతి వంకరపోయింది, మాట ముద్దయింది. "టెన్షన్, కాసేపు పడుకో" అన్నారు ఇంట్లో. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరూ అదే పాట. స్కానింగ్ అయ్యేసరికి మధ్యాహ్నం 2. మెదడులో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపు పడాలి. ఆ గంటలు నాకు దక్కకుండా చేసింది, ఆడదాని ఒంట్లో ఏ బాధనైనా మనసుకి అంటగట్టే అలవాటే.

పడిపోయిన కుడిచేతికి ఫిజియోథెరపీతోపాటు, ఎప్పుడో వదిలేసిన కుట్టుపని మళ్లీ పట్టాను. (కుట్లూ అల్లికలూ ఆడవాళ్లకి వేసిన సంకెళ్లని ఒకప్పుడు రాసినదాన్నే!) సూదిలో దారం ఎక్కిన రోజు ఏడ్చాను. చుట్టాలు మాత్రం "వంటెప్పుడు చేస్తావ్?" అన్నారు.

మన ఆరోగ్య శిబిరాల్లో గర్భసంచి దాటి మాట్లాడుతున్నామా? మూతి, చెయ్యి, మాట - వీటిలో ఒక్కటి హఠాత్తుగా తేడా చేసినా 108కి ఫోన్ చెయ్యాలని, భర్త ఇంటికొచ్చేదాకా ఆగనక్కర్లేదని ఏ ఊళ్లో చెప్పాం?