ముందు ఎస్‌ఎంపీఎస్, తర్వాతే గ్రాఫిక్ కార్డు

నిజామాబాద్‌లో కంప్యూటర్ బాగు చేయించుకోవడానికి పోయినవాళ్లందరూ ఒక మాట వినే ఉంటారు. "ఎస్‌ఎంపీఎస్‌ది ఏముందన్నా, ఏదైనా ఒక్కటే. పైసలన్నీ కార్డు మీద పెట్టు." షాపులో చెప్తారు, ఎడిటింగ్ చేసే దోస్తులు చెప్తారు, ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్లు చెప్తారు. కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా ఎస్‌ఎంపీఎస్. దాని విషయంలో ఎంతమంది చెప్పినా ఇది తప్పుడు సలహా. కార్డు మార్చుకోబోయే మనిషికి మన దగ్గర ఇంతకన్నా నష్టం చేసే సలహా ఇంకోటి లేదు.

ఈ నష్టం గేములాడే పిల్లలతో ఆగేదైతే ఇంత గట్టిగా రాయాల్సిన పని లేదు. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్‌లలో పెండ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లు, జానపద పాటలు తీసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు ఈ కార్డు మీదే బతుకుతున్నారు. కెమెరాలు 4కే అయ్యాక పాత సిస్టమ్ ఆ ఫుటేజీని మోయలేకపోతోంది. అప్పుచేసి కార్డు కొంటారు. కొందరు దుబాయ్ నుంచి వచ్చే అన్నతో తెప్పించుకుంటారు, కొందరు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పోయి సెకండ్ హ్యాండ్‌ది తెచ్చుకుంటారు. దాన్ని పాత కేబినెట్‌లోనే, పాత ఎస్‌ఎంపీఎస్ మీదే బిగిస్తారు. సిస్టమ్ బాగానే ఆన్ అవుతుంది. పెండ్లి వీడియో రెండరింగ్ పెట్టిన కాసేపటికి టప్పున ఆగి, మళ్లీ దానంతటదే మొదలవుతుంది. విండోస్ కొత్తగా ఎక్కిస్తారు, డ్రైవర్ మారుస్తారు, ర్యామ్ తీసి తుడిచి పెడతారు. చివరికి కార్డే ఖరాబైందని తేల్చి సికింద్రాబాద్ బస్సెక్కుతారు. అక్కడ మంచి ఎస్‌ఎంపీఎస్ మీద పెడితే అదే కార్డు గంటల తరబడి ఆగకుండా నడుస్తుంది. ఈలోగా పెండ్లివాళ్ల ఫోన్లు మొదలవుతాయి.

కారణం ఎక్కడుందో తెలియాలంటే కేబినెట్ పక్క రేకు తీసి ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదవాలి. పెద్ద అక్షరాలతో 450 వాట్స్ అని ఉంటుంది. అందరూ చూసేది అదే. దాని కింద చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది. అలాంటి ఒకదాంట్లో నేను చదివిన అంకెలు ఇవి: 3.3 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు, 5 వోల్టుల దగ్గర 20, 12 వోల్టుల దగ్గర 16. ఇవాళ్టి సిస్టమ్‌లో గ్రాఫిక్ కార్డుకూ ప్రాసెసర్‌కూ కరెంటు దాదాపు మొత్తం 12 వోల్టుల నుంచే అందాలి. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. 3.3 దగ్గరా 5 దగ్గరా ఉన్న వాట్లు కార్డుకు దాదాపు పనికిరావు. ప్రాసెసర్లు 5 వోల్టుల లైను మీద ఆధారపడిన పాత కాలం నాటి పంపకం అది.

ఇప్పుడు కార్డు లెక్క చూద్దాం. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తీసుకుంటుంది. ఐ5 12400 ప్రాసెసర్ గట్టి లోడ్ మీద 117 దాకా పోతుంది. రెండూ కలిపి 287 వాట్లు, అంటే 12 వోల్టుల మీద దాదాపు 24 ఆంపియర్లు. స్టిక్కర్ మీద ఉన్నవి 16. పొదుపుగా నడిచే ఆర్‌టీఎక్స్ 4060ది 115 వాట్లే కదా అంటే, దానితో కూడా లెక్క 19 దాటుతుంది. ఇథీరియం మైనింగ్ 2022 సెప్టెంబరులో ఆగిపోయాక మార్కెట్లోకి వచ్చిపడిన వాడేసిన 3070 కార్డులదైతే ఒక్కోటి 220 వాట్లు. పైగా ఇవి సగటు లెక్కలు. కార్డు సెకనులో వెయ్యో వంతు కూడా లేని కాలానికి ఇంకా చాలా ఎక్కువ గుంజుతుంది. ఈ కుదుపుల్ని తట్టుకోవాలనే 2022లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో కొత్త నియమాలు చేర్చారు. కేబినెట్‌తో పాటు వచ్చిన డబ్బాకు ఆ కుదుపు తట్టుకునే సత్తా ఎక్కడిది?

"మా దగ్గర ఏండ్ల సంది వందల సిస్టమ్‌లు ఇవే ఎస్‌ఎంపీఎస్‌ల మీద నడుస్తున్నయ్" అని షాపువాళ్లు జవాబిస్తారు. అది అబద్ధం కాదు. కానీ ఆ సిస్టమ్‌లు నడిచేది బిల్లింగ్ కౌంటర్లలో, మీసేవ కేంద్రాల్లో, జిరాక్స్ సెంటర్లలో. విడి కార్డు లేని ఆఫీసు సిస్టమ్ మామూలుగా 100 వాట్లు కూడా తీసుకోదు. అక్కడ ఎన్నేండ్లు నడిచినా ఆ ఎస్‌ఎంపీఎస్‌కు పరీక్ష జరగనట్టే. 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడ్డ బోధన్ నిజాం షుగర్స్‌లో పనిచేసినవాళ్లు ఇంకా శక్కర్‌నగర్‌లో ఉన్నారు, వాళ్లనడగండి: బాయిలర్ ఆవిరి చాలకపోతే ఎంత పెద్ద రోలర్లు బిగించినా చెరుకు నలుగుతుందా అని.

కన్వర్టర్ల సంగతి ఇంకా ప్రమాదకరం. 3060కు 8 పిన్నుల వైరు కావాలి, పాత ఎస్‌ఎంపీఎస్‌లో అది ఉండదు. దానికి సాటా పిన్ను నుంచి 8 పిన్నులకు మార్చే చిన్న వైరు ముక్కను తక్కువ రేటుకే అమ్ముతారు. 8 పిన్నుల కనెక్టర్ 150 వాట్ల కోసం, అంటే 12.5 ఆంపియర్ల కోసం చేసింది. సాటా పిన్ను హార్డ్ డిస్క్ కోసం చేసింది, 12 వోల్టుల మీద దాని హద్దు 4.5 ఆంపియర్లు, 54 వాట్లు. రెండు సాటాలు కలిపినా 108 దాటదు. ముందు పసుపు వైరు దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత మెత్తబడి పిన్నుకు అతుక్కుంటుంది, ఆ తర్వాత వాసన వస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌లో 8 పిన్నుల వైరు లేదంటే, తయారు చేసినవాళ్లే దాన్ని ఇలాంటి కార్డు కోసం చేయలేదని అర్థం. ఈ కన్వర్టర్‌ను అమ్మడమే మానేయాలి.

ఇక మన ఎండలు, మన కరెంటు. ఈ సలహా ఇచ్చేవాళ్లు అసలు తలవని విషయం ఇదే. స్టిక్కర్ మీది వాట్లు ఏ వేడిలో ఇవ్వగలదో కూడా చూడాలి. చవక రకాలకు ఆ లెక్క 25 డిగ్రీల దగ్గర వేస్తారు, మంచివాటికి 40, 50 డిగ్రీల దగ్గర వేస్తారు. నిజామాబాద్‌లో మే నెలలో బయటే 44, 45 డిగ్రీల దాకా పోతుంది. రేకుల గదిలో, గోడకు ఆనించిన కేబినెట్ లోపల, వేడెక్కిన కార్డు పక్కన ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. సరిగ్గా ఆ నెలల్లోనే పెండ్లిళ్ల సీజన్, రాత్రింబవళ్లు రెండరింగ్. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ దాదాపు సగమవుతుంది. ఉబ్బిన కెపాసిటర్ మూతలు మన మెకానిక్‌లకు కొత్త కాదు. ఇన్ని చూసినవాళ్లు కూడా "ఏదైనా ఒక్కటే" అనడం నాకు మింగుడుపడదు.

కరెంటుదీ అంతే. యాసంగిలో మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళ బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో లైట్లు మసకబారడం అందరికీ తెలిసిందే. వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు వోల్టేజి 180 కిందికి జారితే నిలకడ తప్పుతాయి. మంచివి చాలావరకు 100 నుంచి 240 దాకా ఏ స్విచ్చూ లేకుండా సర్దుకుంటాయి. స్టెబిలైజర్ ఉందిగా అంటారు. స్టెబిలైజర్ గోడ వైపు కరెంటును సరిచేస్తుంది, లోపలి 16 ఆంపియర్లను 24 చేయలేదు. యూపీఎస్ కూడా చూసుకోవాలి. ఇండ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు కలుపుకుంటే 3060 సిస్టమ్‌కు 340 దాకా కావాలి, ఎస్‌ఎంపీఎస్‌లో పోయే నష్టం కలిపితే గోడ దగ్గర 400. గాలివానకు కరెంటు పోయిన రాత్రి ఆ యూపీఎస్ ఎడిటింగ్‌ను కాపాడలేదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఒకటుంది. ఏ కార్డుకైనా 850 వాట్లు, 1000 వాట్లు, అదీ 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉండాల్సిందేనని వీడియోల్లో భయపెడతారు. 450 వాట్ల 4090కి ఆ మాట సరే, నిజామాబాద్‌లో ఎక్కువగా కొనే కార్డులకు కాదు. 3060కైనా 4060కైనా మొత్తం సిస్టమ్‌కు 550 వాట్లని తయారీదారులే చెప్తున్నారు. 12 వోల్టుల మీద 45 ఆంపియర్లకు అటూఇటూ ఇచ్చే నిజమైన 550 ఉంటే 340 వాట్ల లోడ్ హాయిగా నడుస్తుంది, ఎండకు కూడా కొంత వెసులుబాటు మిగులుతుంది. 80 ప్లస్ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా అవుతుందన్న సంగతి మాత్రమే, అదీ 23 డిగ్రీల గదిలో పరీక్షించి. అందుకే ముద్ర కన్నా ముందు పట్టిక చదవాలి, ఏ డిగ్రీల దగ్గర వేసిన లెక్కో అడగాలి.

పైసలు తక్కువున్నవాడు ఎస్‌ఎంపీఎస్‌లో కాదు, కార్డులో ఒక మెట్టు దిగాలి. 75 వాట్ల జీటీఎక్స్ 1650లో, 70 వాట్ల 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050లో విడిగా పవర్ వైరు అడగని రకాలున్నాయి, అవి బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడుస్తాయి. మంచి ఎస్‌ఎంపీఎస్ మీద అవి సీజనంతా ఆగకుండా పనిచేస్తాయి. తర్వాత పైసలు కూడినప్పుడు కార్డు ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది.

కస్టమరే తక్కువ రేటు అడుగుతున్నాడని షాపువాళ్లంటారు. నిజమే, అడుగుతాడు. 30 వేల కార్డు పక్కన 4, 5 వేలు ఎందుకు పెట్టాలో ఎవరూ చెప్పకపోతే ఎవరైనా తగ్గించమనే అడుగుతారు. కొటేషన్‌లో వాట్లతో పాటు 12 వోల్టుల ఆంపియర్లు కూడా రాసివ్వండి. కార్డు బిగించాక కస్టమర్ ఎదురుగానే అరగంట ఫుల్ లోడ్ మీద నడిపి చూపించండి. అది చేయకుండా కార్డు బిగించిన కూలి తీసుకోవద్దు.