కడుపునొప్పి అబద్ధం కాదు

పోయినేడు మా అమ్మాయి ఏడో తరగతి. దసరా సెలవులయ్యాక రోజూ పొద్దున్నే బడి టైముకి కడుపునొప్పి అనేది. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండేది కాదు. "దొంగవేషాలు" అని నేనే కసిరాను. డాక్టరుగారు చూసి, "నొప్పి నిజమేనమ్మా, కారణమే కడుపులో లేదు" అన్నారు. సిగ్గేసింది నాకు.

ఓ రాత్రి తలకి నూనె రాస్తుంటే చెప్పింది. లెక్క తప్పు చేసిందని అందరిముందూ నిలబెట్టి ఎగతాళి చేశారట. అప్పట్నుంచీ మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని తింటోందట.

"నాలుగు తగిలిస్తే అదే వెళ్తుంది" అన్నారు అత్తయ్యగారు. "పోనీ, కొన్నాళ్ళు మాన్పిద్దాం" అన్నారు మావారు. రెండూ తప్పేనంటాను. కొడితే చెప్పడం మానేస్తుంది. ఇంట్లో ఉంచేస్తే భయం ఇంకా ముదురుతుంది.

విద్యాహక్కు చట్టం (2009) పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. హెడ్మిస్ట్రెస్‌గారికి ఆ మాట నెమ్మదిగానే గుర్తుచేశాం. మొదట రోజుకి రెండు పీరియడ్లు, తర్వాత మధ్యాహ్నం దాకా పంపాం. దానికిష్టమైన తెలుగు టీచరు గేటు దాకా వచ్చి తీసుకెళ్ళేవారు. పూర్తిగా కుదుటపడడానికి రెండు నెలలు పట్టింది.

మీకేమీ తోచకపోతే ప్రభుత్వంవారి టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. అంతకన్నా ముందు, "బడికెందుకు వెళ్ళవు?" అని గద్దించకుండా, "అక్కడ నీకేం కష్టంగా ఉంది తల్లీ?" అని అడగండి. నేను ఆ మాట అడగడానికి నెలన్నర ఆలస్యం చేశాను.