నడుస్తోంది కదా, ఎందుకు మార్చాలి?

"నడుస్తుంది గదా అల్లుడూ, దాన్నెందుకు కెలుకుతవ్‌?"

ఈ మాట అన్నది మా మామ. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఆయనకో చిన్న షెడ్‌ ఉంది. రెండు లేత్‌లు, ఒక సెకండ్‌హ్యాండ్‌ వీఎంసీ మిషన్‌, ఐదుగురు పనివాళ్లు. పెద్ద కంపెనీలు డ్రాయింగ్‌ పంపిస్తే దాని ప్రకారం పార్టులు కోసి ఇచ్చే జాబ్‌వర్క్‌. 'ఆఫీస్‌' అని పిలుచుకునే అద్దాల గదిలో, దుమ్ము పడకుండా పాత టవల్‌ కప్పిన కంప్యూటర్‌ ఒకటి ఉంటుంది.

ఆ కంప్యూటర్‌ నేను కట్టింది.

2017 జూన్‌. ఇంజినీరింగ్‌ రెండో ఏడాది అప్పుడే అయిపోయింది. జులై 1 నుంచి జీఎస్టీ వస్తోంది, రేట్లు పెరుగుతాయని అందరూ భయపెడుతున్నారు. సంగారెడ్డిలో బస్సెక్కి సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లాను. షాపు షాపూ తిరిగి, బేరమాడి, ఏడో తరం ఐ5 ప్రాసెసర్‌, బోర్డు, 8 జీబీ ర్యామ్‌, క్యాబినెట్‌ కొన్నాను. ఇంట్లో నేల మీద పేపర్లు పరిచి, యూట్యూబ్‌ చూస్తూ బిగించాను. బటన్‌ నొక్కితే ఫ్యాన్‌ తిరిగింది కానీ స్క్రీన్‌ మీద ఏమీ రాలేదు. ర్యామ్‌ సరిగా కూర్చోలేదని తెలియడానికి రెండు గంటలు పట్టింది. చివరికి స్క్రీన్‌ వెలిగినప్పుడు అమ్మని వంటింట్లోంచి లాక్కొచ్చి మరీ చూపించాను.

ఉద్యోగం వచ్చి లాప్‌టాప్‌ చేతికొచ్చాక ఆ పీసీ మామ షెడ్‌కి చేరింది. ఇప్పుడు కస్టమర్ల డ్రాయింగ్‌లు, వీఎంసీకి పంపే ప్రోగ్రాములు, బిల్లులు, జీఎస్టీ రిటర్న్‌లు, ఈ-వే బిల్లులు, బ్యాంక్‌ లాగిన్‌... అన్నీ అందులోనే. ఐదుగురి జీతాలు ఆ ఒక్క డబ్బా మీద ఆధారపడి ఉన్నాయన్నమాట. అందులో ఉన్నది విండోస్‌ 10. 2015 జులై 29న వచ్చిన ఆ సిస్టమ్‌కి మైక్రోసాఫ్ట్‌ సపోర్ట్‌ 2025 అక్టోబర్‌ 14తో ముగిసింది.

స్క్రీన్‌ మీద ఆ నోటీస్‌ వచ్చిన ప్రతిసారీ మామ మూలనున్న ఇంటూ గుర్తు నొక్కేసేవాడు. ఈలోగా పక్క షెడ్‌లో ఒకరోజు పొద్దున కంప్యూటర్‌ ఆన్‌ చేస్తే ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి. డబ్బు కడితేనే తెరుస్తామని ఇంగ్లిష్‌లో ఒక నోట్‌. బ్యాకప్‌ లేదు. ఆ అన్న పది రోజులకు పైగా పాత బిల్లుబుక్కులు ముందేసుకుని లెక్కలు మళ్లీ రాసుకున్నాడు. అప్పుడు మామ నాకు ఫోన్‌ చేశాడు. అలాగని ఒప్పుకున్నాడా? లేదు. నేను వెళ్లగానే లేత్‌ మీద చెయ్యేసి అన్న మాటే మొదట్లో మీరు చదివింది.

"గీ బటాలా లేత్‌ నీకంటే పెద్దది. నూనె పోస్తే తిరుగుతది. గా కంప్యూటర్‌కి పదేండ్లు గూడ నిండకపాయె, అప్పుడే ముసలిదైందా?"

నిజానికి ఇది మంచి ప్రశ్న. నాకు వెంటనే జవాబు దొరకలేదు.

సపోర్ట్‌ అయిపోతే కంప్యూటర్‌ ఆగిపోదు. అక్టోబర్‌ 15 పొద్దున కూడా మామ పీసీ ఎప్పట్లాగే ఆన్‌ అయింది. ఆగిపోయింది రిపేర్‌. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్‌ తన సిస్టమ్‌లో బయటపడ్డ కన్నాలకు ప్యాచ్‌లు ఇస్తుంది. విండోస్‌ 10, 11 రెండింట్లో చాలా కోడ్‌ ఒకటే. కాబట్టి 11కి ప్యాచ్‌ వచ్చిన ప్రతిసారీ, అది దేన్ని పూడ్చిందో విప్పి చూస్తే 10లో ఏ కన్నం అలాగే ఉందో తెలిసిపోయే అవకాశం ఉంది. కొత్త ఇంటికి వేసిన తాళం చూసి, పాత ఇంటి తలుపు ఎక్కడ బలహీనమో దొంగ కనిపెట్టినట్టు.

లేత్‌కీ కంప్యూటర్‌కీ తేడా ఇక్కడే ఉంది. లేత్‌ బేరింగ్‌ పోతే మామే మారుస్తాడు. విండోస్‌ బేరింగ్‌ మార్చగలిగింది దాని కోడ్‌ చేతిలో ఉన్నవాళ్లే. పైగా ఎక్కడో ఇంకో దేశంలో కూర్చున్నవాడు మన లేత్‌ చక్రం తిప్పలేడు. నెట్‌ కేబుల్‌ పెట్టిన పీసీని తిప్పగలడు.

నేను పీసీ కట్టడానికి సరిగ్గా నెల ముందు, 2017 మే 12న, వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్‌ ప్రపంచాన్ని వణికించింది. బ్రిటన్‌ ఆస్పత్రులు, మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌ పోలీసుల కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. 2014 ఏప్రిల్‌ 8నే సపోర్ట్‌ అయిపోయిన విండోస్‌ ఎక్స్‌పీకి కూడా అప్పుడు మైక్రోసాఫ్ట్‌ ప్రత్యేకంగా ప్యాచ్‌ ఇవ్వాల్సొచ్చింది. కానీ అసలు సంగతి వేరే. ఎక్కువగా దెబ్బతిన్నవి ఎక్స్‌పీ కాదు, అప్పటికింకా సపోర్ట్‌ ఉన్న విండోస్‌ 7 కంప్యూటర్లు. వాటికి ప్యాచ్‌ రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చింది. వేసుకోలేదంతే. మరుసటి ఏడాది, 2018 ఆగస్టులో తైవాన్‌లోని చిప్‌ల కంపెనీ టీఎస్‌ఎంసీలో స్కాన్‌ చేయకుండా ఒక కొత్త మిషన్‌ని నెట్‌వర్క్‌కి కలిపారు. అదే వైరస్‌ రకం ప్యాచ్‌ లేని మిషన్లలోకి పాకి ఉత్పత్తి ఆగిపోయింది. అంత పెద్ద ఫ్యాక్టరీకే అలా అయితే మన షెడ్‌ ఎంత?

సరే, విండోస్‌ 11 వేసేద్దామా? ఇక్కడే నా గుండె కలుక్కుమంది. దానికి టీపీఎం 2.0, సెక్యూర్‌ బూట్‌తో పాటు ప్రాసెసర్‌ కూడా వాళ్ల లిస్టులో ఉండాలి. బయోస్‌లో ఒక సెట్టింగ్‌ మారిస్తే నా బోర్డులో టీపీఎం 2.0 దొరికింది. ప్రాసెసర్‌ దగ్గర ఆగిపోయాను. ఇంటెల్‌లో కొన్ని మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు. నాది ఏడో తరం. నేను కొన్నది జూన్‌లో, ఎనిమిదో తరం డెస్క్‌టాప్‌ ప్రాసెసర్లు వచ్చింది అదే ఏడాది అక్టోబర్‌లో. జీఎస్టీకి భయపడి నాలుగు నెలలు తొందరపడ్డాను!

దొడ్డిదారి ఉందని మీలో చాలామందికి తెలుసు. రూఫస్‌ అనే చిన్న టూల్‌తో పెన్‌డ్రైవ్‌ తయారు చేస్తే ఈ చెకింగ్‌లన్నీ దాటేసి విండోస్‌ 11 ఎక్కుతుంది. ఒక ఆదివారం వేరే ఎస్‌ఎస్‌డీ పెట్టి ఎక్కించి చూశాను. బ్రహ్మాండంగా నడిచింది. కానీ ఇలాంటి పీసీలకు అప్‌డేట్‌లు వస్తాయని మైక్రోసాఫ్ట్‌ హామీ ఇవ్వదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌ దానంతటది రాదు, మనమే మళ్లీ డౌన్‌లోడ్‌ చేసి ఎక్కించాలి.

నా గదిలో పీసీ అయితే ఆ సరదా నాకు ఇష్టమే. కానీ నేనుండేది పుణేలో. రిటర్న్‌ వేయాల్సిన రోజు అది మొరాయిస్తే మామ ఎవరిని పిలుస్తాడు? సపోర్ట్‌ లేని సిస్టమ్‌ అంటూ ఏదీ ఉండదని అప్పుడర్థమైంది. కంపెనీ వదిలేస్తే ఆ పని వేసినవాడి నెత్తిన పడుతుంది. ఇక్కడ వేసినవాణ్ని నేనే.

ఇంకో దారి, విండోస్‌ 10కే ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్‌లు తీసుకోవడం. ఇళ్లలో వాడే పీసీలకు 2026 అక్టోబర్‌ 13 వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్‌ ప్రకటించింది. సెట్టింగ్‌లు వాళ్ల అకౌంట్‌తో సింక్‌ చేస్తే ఉచితం, లేదా వెయ్యి రివార్డ్‌ పాయింట్లు, లేదా 30 డాలర్లు. వ్యాపారాలకు వేరే లెక్క: ఒక్కో పీసీకి మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు. మీ ఇంట్లో పీసీ ఉంటే ఇది మంచి దారి. మామది వ్యాపారం.

పూర్తిగా లినక్స్‌కి మారిపోదామంటే, మన హైదరాబాద్‌ స్వేచ్ఛ వాళ్లు తెలుగులోనే ఆపరేటింగ్‌ సిస్టమ్‌ తయారు చేసిన చరిత్ర కూడా ఉంది. బ్రౌజర్‌తో అయ్యే పనులన్నీ లినక్స్‌లో హాయిగా జరుగుతాయి. కానీ మామ వాడే క్యామ్‌ సాఫ్ట్‌వేర్‌, అకౌంట్స్‌ సాఫ్ట్‌వేర్‌ విండోస్‌లోనే నడుస్తాయి.

అందుకే పీసీని మార్చకుండా దాని పనిని రెండుగా చీల్చాం. కొత్తగా ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొని దాంట్లో లినక్స్‌ మింట్‌ వేశాను. బ్యాంక్‌, జీఎస్టీ, ఈ-వే బిల్లు, మెయిల్‌ అన్నీ అందులో. పాత డిస్క్‌లో విండోస్‌ 10 అలాగే ఉంది, డ్రాయింగ్‌లకీ మిషన్‌కీ లెక్కలకీ. అందులో నెట్‌వర్క్‌ పూర్తిగా ఆపేశాను. మెయిల్‌లో వచ్చిన డ్రాయింగ్‌ని లినక్స్‌లో ఉండగానే విండోస్‌ డిస్క్‌లోని ఒక ఫోల్డర్‌లో వేస్తారు. ఇలా చేయాలనుకునేవాళ్లు విండోస్‌లో 'ఫాస్ట్‌ స్టార్టప్‌' ఆపేయడం మర్చిపోకండి. లేకపోతే లినక్స్‌ ఆ డిస్క్‌ని చదవగలదు కానీ రాయలేదు. నేను దీనికే ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

నెట్‌ తీసేస్తే భద్రం అయిపోయినట్టేనా? కాదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్‌ పెన్‌డ్రైవ్‌ల మీదే ప్రయాణించి, నెట్‌కి దూరంగా ఉన్న ఇరాన్‌ అణు కేంద్రంలోని మిషన్ల దాకా వెళ్లింది. అందుకే షెడ్‌లో ఒక రూల్‌: బయటి పెన్‌డ్రైవ్‌ పెట్టొద్దు. ఇంకో రూల్‌: శనివారం సాయంత్రం జీతాలు ఇచ్చాక ఎక్స్‌టర్నల్‌ డిస్క్‌లోకి బ్యాకప్‌, అయిపోగానే ఆ డిస్క్‌ పీకేసి బీరువాలో పెట్టడం. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్‌ దాన్నీ వదలదు. బ్యాంక్‌ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్‌ చేయాలని గోడ మీద రాసిపెట్టాం.

ఇది పర్మనెంట్‌ పరిష్కారం కాదని మామకి చెప్పాను. అక్కౌంట్స్‌ సాఫ్ట్‌వేర్‌ ఏదో ఒక రోజు కొత్త విండోస్‌ అడుగుతుంది. లేదా నా బోర్డే కన్నుమూస్తుంది. అప్పటికి కొత్త పీసీ కోసం నెలకి కొంత పక్కన పెట్టమన్నాను. మామ ఏమీ అనలేదు. ఆయన ఒప్పుకునే తీరు అదే.

మీ ఇంట్లోనో, నాన్న షాపులోనో, బాబాయి షెడ్‌లోనో ఎప్పుడో మీరు కట్టిచ్చిన, లేదా మీ మాట మీద కొన్న పీసీ ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు ఒక్కసారి ఆన్‌ చేసి చూడండి. వెర్షన్‌ ఏంటి, బ్యాకప్‌ ఎక్కడుంది, బ్యాంక్‌ లాగిన్‌ దేంట్లో చేస్తున్నారు. మూడే ప్రశ్నలు. వాళ్లంతట వాళ్లు అడగరు. నోటీస్‌ వస్తే ఇంటూ గుర్తు నొక్కేస్తారు.

నేను బయల్దేరే ముందు మామ మార్కర్‌ పెన్ను తెచ్చి మానిటర్‌ కింద రెండు మాటలు రాశాడు: 'నెట్‌', 'మిషన్‌'. ఏ పనికి ఏది ఎంచుకోవాలో ఆపరేటర్‌కి తెలియాలట. బస్టాప్‌ దాకా బండి మీద దింపుతూ, ఇస్నాపూర్‌ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"మల్ల ఎప్పుడొస్తవ్‌రా దానికి నూనె పొయ్యనీకి?"