పిట్ట లేని పులుసు

ముక్క లేని పులుసును మనం "ఉత్త పులుసు" అంటాం. ఆ "ఉత్త" అనే రెండక్షరాల్లో ఎంత చిన్నచూపు ఉందో ఎప్పుడైనా గమనించారా? పులుసుకు ప్రాణం మాంసమేననీ, అది లేనప్పుడు మిగిలేది వట్టి నీళ్ళేననీ మనం ఏనాడో తీర్మానించుకున్నాం. ఆ తీర్మానం తప్పని నా అభిప్రాయం. వంటశాస్త్రం ప్రకారమూ తప్పే, మన ఇళ్ళ చరిత్ర ప్రకారమూ తప్పే.

ఈ ప్రశ్న మన ముంగిటికి ఈసారి అమెరికా దారిన వచ్చింది. అక్కడ నవంబరు నెల నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ. టర్కీ కోడిని నిండుగా ఓవెన్‌లో కాల్చి, అది కాలుతున్నప్పుడు అడుగు పళ్ళెంలోకి కారిన కొవ్వునూ రసాన్నీ పిండితో కలిపి గ్రేవీ కాయడం వారి ఆచారం. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన మన పిల్లలు కూడా ఇరుగుపొరుగుతో కలిసి ఈ పండుగ చేసుకుంటున్నారు. చిక్కల్లా ఆ ఊట దగ్గరే వస్తోంది. కోడిని నిండు నూనెలో వేయిస్తే ఊట దిగదు. అంగడిలో వండినది తెచ్చుకుంటే ఊట ఆ అంగడిలోనే ఉండిపోతుంది. ఇంట్లో శాకాహారులుంటే ఊట ఉన్నా వారికి పనికిరాదు. అప్పుడు గ్రేవీ ఎలా అన్నది ప్రశ్న.

ఎల్లారెడ్డిలో ఉన్న ఒక తల్లిని ఆమె కూతురు ఫోనులో ఇదే అడిగిందట. ఆమె ఇచ్చిన జవాబు నాకు ఎంతో నచ్చింది. "నూనెల గోలిచ్చినంక ఊట ఏడికెల్లి వస్తది బిడ్డా? ఉల్లిగడ్డ ఎర్రగ గోలియ్యి, ఇంత కుడుక నూరి ఎయ్యి, జెరంత చింతపులుసు పొయ్యి. పులుసుకు పిట్టతోని పనేంది?" టర్కీ కోడిని ఎన్నడూ కంటితో చూడని ఆ ఇల్లాలు, ఆ కోడి తాలూకు సమస్యను మూడు వాక్యాల్లో తేల్చివేసింది.

నిజానికి ఆ పక్షి మనకు మరీ అపరిచితమైనదేమీ కాదు. ఉత్తర అమెరికా ఖండానికి చెందిన ఈ కోడి 1612లోనే గోవా రేవు మీదుగా జహంగీరు చక్రవర్తి కొలువుకు చేరింది. దానిని చూసి ముచ్చటపడిన చక్రవర్తి తన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూరు చేత బొమ్మ గీయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లీషువాళ్ళు దీనికి తురుష్కుల దేశం పేరు పెడితే, ఆ తురుష్కులేమో "హిందీ" అని మన దేశం పేరు పెట్టారు. మన చింతపండుకు అరబ్బులు "హిందూదేశపు ఖర్జూరం" అనే అర్థంలో పేరు పెట్టారు. పుట్టుక ఎక్కడిదైనా ఈ రెండూ మన పేరు మోసుకుని లోకం తిరిగినవే. అవి ఒకే పళ్ళెంలో కలుసుకుంటే తప్పేమిటి?

ఇక అసలు సంగతికి వస్తాను. కాలిన కోడి నుంచి దిగే ఊట గ్రేవీకి ఏమిస్తుంది? నాలుగిస్తుంది. మొదటిది కొవ్వు. రెండవది మాడీమాడని ఎరుపులో పుట్టే కమ్మని వాసన. మూడవది చర్మం, కీళ్ళ నుంచి కరిగి వచ్చే జిగురు. నాలుగవది ఉప్పుతో కలిసి నాలుక మీద నిలిచే లోతైన రుచి. ఈ నాలుగింటిని విడివిడిగా సమకూర్చుకోగలిగితే కోడితో నిమిత్తం లేదు.

కొవ్వుకు నూనో నెయ్యో చాలు. రెండవదాని సంగతి 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. చక్కెరలూ మాంసకృత్తుల మూలాలైన ఆమ్లాలూ వేడికి కలిసి ఎరుపెక్కి కొత్త రుచులను పుట్టిస్తాయి. ఆ చర్యకు మాంసమే కావాలన్న నియమం లేదు. ఉల్లిగడ్డలోనూ, కుడుకలోనూ, నువ్వుల్లోనూ, పిండిలోనూ అది జరుగుతుంది. జిగురుకు బదులు పిండి ఉంది. వేడి నీటిలో పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బి పులుసును చిక్కబరుస్తాయి. నాలుగవదైన లోతును 1908లో ఇకెడా అనే జపాను శాస్త్రవేత్త సముద్రపు నాచులో కనుగొన్నాడు. అదే గుణం పండిన టమాటాలోనూ, ఎండిన పుట్టగొడుగుల్లోనూ ఉంది.

ఇవన్నీ శాస్త్రవేత్తలు చెప్పక మునుపే మన వంటిళ్ళలో ఆచరణలో ఉన్నాయి. గుత్తివంకాయకు నువ్వులు, పల్లీలు, కుడుక వేయించి నూరడం ఎందుకనుకున్నారు? మాంసం లేని కూరకు మాంసపు నిండుతనం తేవడానికే. కామారెడ్డి బెల్లం వ్యాపారానికి పేరుపడిన ఊరు. మంజీర మీద 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళతో ఈ సీమలో చెరకు విరివిగా పండింది. అందుకేనేమో, ఇక్కడి పులుసులో పులుపును లొంగదీయడానికి చిటికెడు బెల్లం వేయడం చేతికి అలవాటైన పని.

ఇప్పుడు ఆ తల్లి మాటను కొలతల్లో పెడతాను. మూడు కప్పుల గ్రేవీకి రెండు పెద్ద ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, మూడు పెద్ద చెంచాల నూనెలో సన్నని సెగ మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు వేయించాలి. తొందరపడి మంట పెంచితే మాడుతుంది గాని ఎర్రబడదు. నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు దంచి వేసి, పచ్చివాసన పోయాక మూడు పెద్ద చెంచాల గోధుమపిండి చల్లి, అది లేత గోధుమరంగు దాటి కమ్మని వాసన వచ్చేదాకా కలియబెట్టాలి. విడిగా వేయించిన చెంచాడు నువ్వులూ చిన్న కుడుక ముక్కా మెత్తగా నూరి కలపాలి. గుప్పెడు ఎండు పుట్టగొడుగులను వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, ఆ నీటిని వడకట్టి, మొత్తం మూడు కప్పులయ్యేలా మామూలు నీళ్ళు చేర్చి కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా కలపాలి. ఉప్పు, మిరియాల పొడి వేసి పది నిమిషాలు మరిగించాలి. చింతపండు రసం రెండు చెంచాలు, చిటికెడు బెల్లం చివరన వేయాలి. పులుపు ముందే పడితే ఉల్లి సరిగా ఎర్రబడదు. పిండిని పులుపుతో ఎక్కువసేపు మరిగిస్తే చిక్కదనమూ సడలుతుంది. వడకట్టుకుంటే నున్నగా ఉంటుంది. వడకట్టకపోతే మన ఇంటి పులుసులా ఉంటుంది. నేనైతే వడకట్టను.

ఒక హెచ్చరిక. అమెరికా అంగళ్ళలో దొరికే కార్న్‌స్టార్చ్, మన మక్కపిండి ఒకటి కావు. మొదటిది మక్కల నుంచి తీసిన వట్టి గంజిసారం. దానిని వేయించకుండా చల్లని నీళ్ళలో కలిపి చివర్లో పోయాలి. మక్కపిండి గింజ మొత్తం విసిరినది. దానితో గ్రేవీ నున్నగా రాదు.

"ఎంత చేసినా కోడి ఊట రుచి రాదు కదా" అనేవారుంటారు. రాదు. రావాలని నేను అనడం లేదు. నా అభ్యంతరమంతా దీనిని నకలుగా చూడటం మీదే. మన పచ్చిపులుసును చూడండి. పొయ్యి మీద పులుసు మరిగించే పనే లేదు. చింతపండు పిసికిన నీళ్ళు, కాల్చిన పచ్చిమిరప, తరిగిన ఉల్లిగడ్డ, కొందరిళ్ళలో నువ్వుల పొడి, ఇంత పోపు. అంతే. అది దేనికి నకలు? దేనికీ కాదు. తనంతట తాను పూర్తి అయిన వంటకం అది. ఊట లేని గ్రేవీకి కూడా ఆ గౌరవమే ఇవ్వమంటున్నాను.

పొట్లాల్లో వచ్చే గ్రేవీ పొడుల మీద నాకు ఆరోగ్య కారణాల కంటే మరొక కారణంతో అయిష్టం ఉంది. అవి అన్ని ఇళ్ళలోనూ ఒకే రుచి. హోటళ్ళలోనూ ఇదే తంతు. ఉల్లి, టమాటా, జీడిపప్పు ఉడికించి రుబ్బిన ఒకే ముద్దను గంగాళంలో ఉంచుకుని, పనీరు అడిగినా కోడి అడిగినా అందులోంచే తీసి ఇస్తారు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి పొడవునా ఎక్కడ ఆగినా దాదాపు అదే రుచి ఎదురవుతుంది. కామారెడ్డి పులుసుకూ ఎల్లారెడ్డి పులుసుకూ, ఆ మాటకొస్తే ఒకే వాడలోని రెండిళ్ళ పులుసులకూ తేడా ఉండేది. ఆ తేడాయే పోతున్నది.

ఇంతకూ ఉత్త పులుసు రుచిగా కాయడం మనవాళ్ళు ఎలా నేర్చుకున్నారు? దీనికి జవాబు అంత ఆహ్లాదకరమైనది కాదు. పండుగకో చుట్టాలొస్తేనో ఒక్క కోడిని కోస్తే పదిమంది తినాలి. ముక్కలు ముందు చుట్టాలకు, ఆ తర్వాత మగవాళ్ళకు, ఆ పైన పిల్లలకు. వండి వడ్డించిన ఆడవాళ్ళు కూర్చునే వేళకు గిన్నెలో మిగిలేది పులుసే. కోడి కోయని రోజుల్లో, అంటే ఏడాదిలో ముప్పాతిక రోజుల్లో, అదీ ఉండేది కాదు. ముక్క దక్కనివాళ్ళు ముక్క లేకుండా రుచి పుట్టించడం నేర్చుకున్నారు. ఆ లేమిని పొగడటం నా ఉద్దేశం కాదు. వాళ్ళకు ముక్కలు దక్కి ఉండవలసింది. కాని దక్కని చోట వాళ్ళు కట్టుకున్న విద్యను "ఉత్త" అని తీసిపారేయడం వారికి రెండోసారి చేసే అన్యాయం.

ఆ విద్య ఏ పుస్తకంలోనూ లేదు. "ఇంత", "జెరంత", "చూసుకుని" అనే కొలతల్లో, చేతి అంచనాలో ఉంది. చేయి ఆగిన రోజున అదీ ఆగిపోతుంది. దూరదేశంలో ఉన్న బిడ్డ గ్రేవీ కోసం ఫోను చేస్తే నవ్వి ఊరుకోకండి. చెప్పండి. బిడ్డలారా, మీరూ విని ఊరుకోకండి. ఆ "జెరంత" ఎన్ని చెంచాలో పక్కన నిలబెట్టి కొలిపించి రాసిపెట్టుకోండి. ఏ ఇంటి పులుసు ఆ ఇంటి పేరుతోనే రాయండి. ఆ పేరులో "ఉత్త" అన్న మాట మాత్రం వద్దు.