గల్లా లెక్క, గంజి లెక్క

పిలిచి పీట వేసింది సర్కారే. కూచున్నాక ముందున్న విస్తరి లాగేసిందీ సర్కారే. 2025 జులైలో కర్ణాటకలో చిరు వ్యాపారుల మీద జరిగింది ఇదే.

2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దు చేసిన నాటి నుంచి పైనుంచి కిందిదాకా ఒకటే పాట. నగదు వద్దు, ఫోన్ మీద తీసుకోండి! ఇడ్లీ బండి అక్క దగ్గరికి, చెప్పులు కుట్టే తాత దగ్గరికి కంపెనీల కుర్రాళ్లు వచ్చి స్కానర్ అంటించి పోయారు. 2020లో తెచ్చిన స్వనిధి పథకంలో వీధి వ్యాపారికి 10 వేల అప్పు ఇచ్చి, ఫోన్ మీద వసూలు చేసుకుంటే నెలనెలా కొంత వెనక్కిస్తామని ఆశ కూడా పెట్టారు. నమ్మారు మనోళ్లు. గల్లాపెట్టె పోయి ఫోన్ వచ్చింది. గల్లాపెట్టెలో ఎంత పడిందో యజమానికే తెలుస్తుంది. ఫోన్‌లో ఎంత పడిందో రాజ్యానికి కూడా తెలుస్తుంది. ఈ తేడా ఎవరూ చెప్పలేదు.

కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ 2021-22 నుంచి 2024-25 దాకా నాలుగేళ్ల యూపీఐ వసూళ్లు తెప్పించుకుంది. ఏడాదికి 40 లక్షలు దాటి ఖాతాలో పడి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివాళ్లు సుమారు 14 వేల మంది అని ఏరింది. నోటీసులు మొదలయ్యాయి. హావేరిలో కూరగాయలు అమ్ముకునే ఒకాయనకు నాలుగేళ్లలో 1 కోటి 63 లక్షలు వచ్చాయి కాబట్టి 29 లక్షలు కట్టమన్నారు. తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు. ఒట్టి కూరగాయలే అమ్మేవాడికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. అయినా నోటీసు పోయింది. ఎందుకంటే యంత్రం చూసింది డబ్బు పడ్డ లెక్కనే తప్ప, దేనికి పడిందో కాదు.

బెంగళూరులో బేకరీలు, టీ కొట్లు, బండ్ల మీద స్కానర్లు పీకేసి 'నగదు మాత్రమే' అని రాసుకున్నారు. జులై 25న బంద్ అన్నారు. అప్పుడు గానీ ముఖ్యమంత్రి సిద్ధరామయ్య జులై 23న వ్యాపారులను పిలిచి మాట్లాడలేదు. పాత బకాయిలు వసూలు చెయ్యం, ఇకమీదట రిజిస్టర్ చేసుకోండి అన్నారు. ఈ లోపల ఢిల్లీ వాళ్లేమో నోటీసులిచ్చింది రాష్ట్రం అన్నారు. రాష్ట్రం వాళ్లేమో జీఎస్టీ తెచ్చింది ఢిల్లీ అన్నారు. దెబ్బ కొట్టిన చెయ్యి ఎవరిదో తేలలేదు. తిన్న వీపు మాత్రం చిరు వ్యాపారిదే!

ఇది బెంగళూరు గొడవ, మనకెందుకులే అనుకోవద్దు. చట్టం ఒకటే, యంత్రం ఒకటే. పైగా ఇవాళ మన వాడల్లో ఫోన్ మీద బేరం చేసే పిల్లలు ఎంతమందో లెక్కపెట్టండి. ఒకరు తోలు చెప్పులు, బ్యాగులు అమ్ముతున్నారు. ఒకరు చీరలు తెచ్చి ఫొటోలు పెట్టి అమ్ముతున్నారు. ఒకమ్మ పచ్చళ్లు పెట్టి పార్సిల్ చేస్తోంది. వీళ్లు ఫోన్‌లోకి ఎందుకు పోయారు? సరదాకి పోలేదు. మెయిన్ బజార్లో కొట్టు అద్దెకు అడిగితే ముందు అడిగేది ఇంటిపేరు, ఎవరి తాలూకు అని. తర్వాత కొట్టు ఖాళీ లేదంటారు. మన చేతి పచ్చడి పక్క వీధివాళ్లు కొనరు. ఫోన్‌లో కొన్నవాడికి పెట్టిన చెయ్యి కనపడదు, రుచి ఒక్కటే కనపడుతుంది. కులం అడగని అంగడి ఒకటి దొరికిందని మన పిల్లలు పోయారు. నిజమే, ఆ అంగడి కులం అడగదు. కానీ పాన్ నంబర్ అడుగుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పన్ను కట్టం అని మేం అనడం లేదు. కోట్లు గడించి దాచేవాడు ఏ కులం వాడైనా వాడి దగ్గర వసూలు చెయ్యాల్సిందే. మన పిల్లల హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు, 2013లో కొట్లాడి తెచ్చుకున్న ఉప ప్రణాళిక చట్టం కింద రావాల్సిన నిధులు ఆకాశం నుంచి ఊడిపడవు. పన్నులోంచే రావాలి. పన్ను ఎగ్గొట్టడం పోరాటం కాదు. మేం అడిగేది వేరే. ఎవరి దగ్గర, దేని మీద, ఏ లెక్కన?

1927 ఫిబ్రవరిలో బొంబాయి శాసనమండలిలో బడ్జెట్ మీద మాట్లాడుతూ బాబాసాహెబ్ అడిగింది ఇదే. ఆదాయపు పన్నుకు ఒక హద్దు ఉంది, దానికి లోపు సంపాదించేవాడి జోలికి పోరు. భూమి శిస్తుకు మాత్రం హద్దు లేదు. పెద్ద జాగీర్దారుదీ ఒకే రేటు, చిన్న రైతుదీ అదే రేటు. పంట పండినా కట్టాలి, ఎండినా కట్టాలి. ఇది అన్యాయం అని ఆయన వాదించారు. కట్టగల శక్తిని చూసి పన్ను వెయ్యాలి తప్ప చేతిలో ఏం కనపడితే దాని మీద వెయ్యకూడదన్నది ఆ వాదన సారం. దాదాపు నూరేళ్లయింది. ఆనాడు కనపడింది చేను, ఈనాడు కనపడుతున్నది ఫోన్.

ఇక్కడే మనవాళ్లు గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఉంది. గల్లా లెక్క వేరు, గంజి లెక్క వేరు. రోజుకు 11 వేలు ఖాతాలో పడితే ఏడాదికి 40 లక్షలు దాటిపోతుంది. వినేవాడికి 40 లక్షలు! అందులో సరుకు డబ్బు పోవాలి, అద్దె పోవాలి, కూలీ పోవాలి, తెచ్చిన అప్పుకు వడ్డీ పోవాలి. మిగిలిందే గంజి. అదే ఖాతాలో చీటీ పాట డబ్బు పడుతుంది, బావమరిది తీర్చిన చేబదులు పడుతుంది, పక్కింటి ముసలమ్మకు కొడుకు పంపిన డబ్బు కూడా పడుతుంది. యంత్రానికి ఇవన్నీ అమ్మకాలే.

ఆదాయపు పన్ను చట్టం ఈ తేడాను కొంత ఒప్పుకుంది. చిన్న వ్యాపారి పెద్ద పద్దులు రాయకపోయినా, ఫోన్ మీద, బ్యాంకు మీద వచ్చిన అమ్మకాల్లో 6 శాతం, నగదు అమ్మకాల్లో 8 శాతం లాభంగా చూపితే చాలు. నిజంగా అంతకన్నా ఎక్కువ మిగిలితే అదే చూపాలి. అమ్మకాలు ఏడాదికి 2 కోట్ల లోపు ఉన్నవాడికి ఈ వెసులుబాటు ఉంది. ఆ లెక్కన 40 లక్షలు అమ్మినవాడి ఆదాయం 2 లక్షల 40 వేలు. పైసా పన్ను పడదు. కోటి అమ్మినా 6 లక్షలే. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు. రిటర్న్ వేసినవాడు నిశ్చింతగా ఉన్నాడు. వెయ్యనివాడు దొంగలా దాక్కుంటున్నాడు. ఇద్దరికీ కట్టాల్సింది సున్నాయే!

జీఎస్టీ సంగతి వేరు. అది లాభం మీద కాదు, అమ్మకం మీద. కొన్నవాడి దగ్గర తీసుకుని సర్కారుకు కట్టాలి. రిజిస్ట్రేషన్ లేనివాడు కొన్నవాడి దగ్గర తీసుకోనే లేదు. నాలుగేళ్ల తర్వాత వచ్చి కట్టమంటే ఎక్కడినుంచి తేవాలి? అప్పుడు కొన్నవాళ్లను వెతుక్కుంటూ పోవాలా? సొంత కడుపులోంచే కట్టాలి. పైన ఏడాదికి 18 శాతం వడ్డీ, దాని మీద జరిమానా. అదే ముందే తెలిసి కాంపోజిషన్ పద్ధతిలో చేరి ఉంటే సరుకులమ్మే చిన్న వ్యాపారి 1 శాతంతో బయటపడేవాడు. తెలిసినవాడికి 1 శాతం. తెలియనివాడికి అప్పటి రేట్ల ప్రకారం సరుకును బట్టి 5, 12, 18. మధ్యలో ఉన్నదేంటి? ఒక మాట చెప్పే మనిషి. తరతరాలుగా పద్దులు రాసే ఇళ్లలో ఆ మనిషి ఉంటాడు, మేనమామే ఆడిటర్ అవుతాడు. మనకు పలకే ఆలస్యంగా వచ్చింది, పద్దు పుస్తకం ఎవరిచ్చారు? పన్ను ఎగ్గొట్టడానికీ, పన్ను తెలియకపోవడానికీ మధ్య గీత చెరిపేసి ఇద్దరికీ ఒకే నోటీసు పంపితే దెబ్బ ఎవరికి తగులుతుందో వేరే చెప్పాలా?

ఫోన్ అంగడిలో ఇంకో అన్యాయం ఉంది. బజార్లో కొట్టు పెట్టుకుని సరుకులమ్మేవాడికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2019లో హద్దు పెంచినప్పుడు తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది. అంటే కృష్ణ దాటితే హద్దు సగమవుతుంది. ఆన్‌లైన్ కంపెనీల ద్వారా అమ్మేవాడికి మొదట్లో ఈ హద్దు కూడా లేదు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్. 2023 అక్టోబర్ 1 నుంచి సొంత రాష్ట్రం లోపల అమ్మే చిన్నవాళ్లకు సడలింపు ఇచ్చారు, ఎన్‌రోల్‌మెంట్ నంబర్ ఒకటి తీసుకుంటే చాలన్నారు. కానీ ఆ కంపెనీల ద్వారా రాష్ట్రం దాటి ఒక్క జత చెప్పులు అమ్మినా ఆ సడలింపు చెల్లదు. హైదరాబాద్ పిల్ల చెప్పులు కర్నూలుకు పోకుండా ఆగుతాయా? దుకాణం కొనగలిగినవాడికి 40 లక్షల స్వేచ్ఛ, దుకాణం దొరకనివాడికి మొదటి రూపాయి నుంచి లెక్క!

రిజిస్టర్ చేసుకుందామంటే వ్యాపారం చేసే చోటుకు రుజువు కావాలి. కరెంటు బిల్లు, అద్దె కాగితం, ఇంటి యజమాని ఒప్పుకోలు పత్రం. పట్టా లేని గుడిసెలో పచ్చడి పెట్టే తల్లి ఏ కాగితం తేవాలి? ఇక కంపెనీ తన కమీషన్ కోసుకుని, పైన జీఎస్టీ కింద అర శాతం పట్టుకుని మిగిలింది పంపుతుంది. ఆ అర శాతం రిటర్న్ వేసినవాడి పద్దులో జమ అవుతుంది, వెయ్యనివాడిది అక్కడే ఉండిపోతుంది.

అదే రాజ్యం పైవాళ్ల దగ్గర ఎలా ఉంటుందో చూడండి. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించారు. దానివల్ల ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్లు వదులుకుంటున్నామని సర్కారే చెప్పింది. వ్యవసాయ ఆదాయం ఎన్ని కోట్లయినా కేంద్రం ఆదాయపు పన్ను వెయ్యదు. చిన్న రైతుకు అది న్యాయమే. వందల ఎకరాల ఆసామికి కూడా అదే మినహాయింపా? 2015-16 వ్యవసాయ గణాంకాల ప్రకారం దేశంలో సాగు భూమిలో ఎస్సీల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. 2011 జనాభాలో మనం 16 శాతం పైన ఉన్నాం. భూమి వాళ్లది, దాని ఆదాయానికి పన్ను లేదు. భూమి లేక ఫోన్ పట్టుకున్నది మనం, దానికి నాలుగేళ్ల వెనక లెక్క.

అందుకే అడుగుతున్నాం. నోటీసు కంటే ముందు మండల కేంద్రంలో తెలుగులో చెప్పే మనిషిని పెట్టండి. మోసం చేశాడని రుజువైతే తప్ప మొదటిసారి దొరికిన చిన్న వ్యాపారికి వెనకటి పన్ను, వడ్డీ వద్దు, ముందు నుంచి కట్టించుకోండి. కొట్టు వాడికి ఉన్న హద్దే ఫోన్ వాడికీ ఇవ్వండి, రాష్ట్రం దాటినా సరే. తెలంగాణ హద్దు 40 లక్షలు చెయ్యండి. పట్టా లేనివాళ్లకు పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చే కాగితం చాలనండి.

సర్కారు చేసేదాకా మనం చేతులు ముడుచుకోవద్దు. అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లూ! వ్యాపారానికి వేరే ఖాతా తెరవండి. చీటీ డబ్బు, చేబదుళ్లు అందులో పడనివ్వొద్దు. నోటు పుస్తకంలో రోజూ రెండు గీతలు, ఎంత వచ్చింది, సరుకుకు ఎంత పోయింది. కొన్న ప్రతి బిల్లూ దాచండి. నోటీసు వస్తే దాక్కోవద్దు. నోటీసు అంటే తీర్పు కాదు, జవాబు చెప్పుకోమని పిలుపు. రిజిస్ట్రేషన్ లేనివాడి మీద పన్ను తేల్చే ముందు అతని మాట వినాలని జీఎస్టీ చట్టంలోనే ఉంది. గడువు లోపల రాతపూర్వకంగా జవాబివ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇంకోటి. వెయ్యో రెండు వేలో ఇస్తాం అని పాన్, ఆధార్ అడిగేవాడికి ఇవ్వొద్దు. పేదల కాగితాల మీద దొంగ జీఎస్టీ నంబర్లు పుట్టించడం దేశమంతా జరుగుతోంది. 2023 మే నుంచి జులై దాకా వాటిని ఏరడానికే దేశమంతా ప్రత్యేక తనిఖీ పెట్టారు. తిన్నవాడు మాయమైపోతాడు, కోట్ల నోటీసు గుడిసెకు వస్తుంది.

భయపడి నగదుకు మాత్రం మళ్లొద్దు. ఖాతాలో కనపడే అమ్మకమే రేపు బ్యాంకు ముందు మన సాక్ష్యం. పూచీకత్తుకు పొలం లేనివాళ్లం, మనకున్న పూచీకత్తు ఆ లెక్కే. దాన్ని చెరిపేసుకుంటే మళ్లీ వడ్డీ వ్యాపారి అరుగు దగ్గరికే పోవాలి.

వాడలో బీకాం చదివిన పిల్లలు లేరా? ఉన్నారు. పక్షానికి ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్లో కూచోండి. ఎవరి ఫోన్ వాళ్లు, ఎవరి పుస్తకం వాళ్లు తెచ్చుకోండి. పదిమంది లెక్క ఒకచోట రాయండి. ఇన్నాళ్లూ మన లెక్క వేరేవాళ్లు రాశారు, కరణం రాశాడు, షావుకారు రాశాడు, ఇప్పుడు యంత్రం రాస్తోంది. మన లెక్క మనం రాసుకున్న రోజున, రాజ్యాన్ని దాని లెక్క అడిగే నోరు వస్తుంది.