స్కాన్ కుదరదన్నారు, అయినా తీయించాం

మా ఆవిడకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్, కీమో అయ్యి ఏడాదిన్నర. ఆరు నెలలకోసారి తీసే సీటీ స్కాన్‌ను ఈసారి ఇన్సూరెన్స్ కంపెనీ ‘వైద్యపరంగా అవసరం లేదు’ అంటూ తిరస్కరించింది. తనది మూడో దశ. అలాంటివారికి ఐదేళ్లపాటు 6 నుంచి 12 నెలలకోసారి సీటీ తీయాలని ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాల్లోనే ఉంది. మా డాక్టర్ వాళ్ల డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాకే అనుమతి వచ్చింది. ఆ మూడు వారాలూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ముందస్తు అనుమతులను ఏడు రోజుల్లో, అత్యవసరమైతే 72 గంటల్లో తేల్చాలన్న ఫెడరల్ నిబంధన 2026 నుంచి అమలవుతోందని విని సంతోషించాను. తీరా చూస్తే అది ముఖ్యంగా మెడికేర్ అడ్వాంటేజ్, మెడికెయిడ్ ప్లాన్లకు. మనలో ఎక్కువమందికి ఉన్నది ఆఫీసు ఇచ్చే ప్లాన్, దానికి వర్తించదు. మనకు పాత దారే: లేఖ అందిన 180 రోజుల్లో అప్పీల్, అక్కడా కాదంటే నాలుగు నెలల్లోగా బయటి సమీక్షకు దరఖాస్తు.

ఇంకో చిక్కు. పెద్ద కంపెనీల్లో చాలావరకు వైద్యం ఖర్చు భరించేది యజమానే, ఇన్సూరెన్స్ వాళ్లు కాగితాలు చూస్తారంతే. అలాంటి ప్లాన్లపై రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు అధికారం లేదు, ఫెడరల్ కార్మిక శాఖకు వెళ్లాలి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు మొన్ననే తెలిసింది. వీసా భయంతో హెచ్‌ఆర్‌ను అడగడానికే జంకాను. మన ప్లాన్ ఏ రకమో అడగడానికి ఇంట్లో జబ్బు సంగతి చెప్పక్కర్లేదు.