ప్రతి సంఘమునకు నొక కొయ్య వైసు

తొలకరి వాన కురిసిన మఱునాడు వడ్రంగి వాకిట నెందఱు రైతులు నిలుచుందురో మన యెల్లరకు దెలిసినదే. ఒకనికి పార కామ విఱిగినది. ఒకనికి గొడ్డలి కామ వదులైనది. వేఱొకనికి గుంటక మేడి చీలినది. ట్రాక్టరులు వచ్చి దుక్కిపనిని చాలవఱకు గైకొనినను, పారయు గొడ్డలియు కొడవలియు నింకను మన చేతులలోనే యున్నవి. అరగంట పనికై అరదినము కాచుకొనవలసి వచ్చుచున్నది. ఈలోగా చేని పదును ఆఱిపోవును. ఇట్టి చిన్నపనులు రైతు తానే చేసికొనవచ్చును. చేసికొనలేకుండుటకు గారణము నేర్పు లేమి గాదు, కొయ్యను గదలకుండ బట్టి యుంచు సాధనము లేకుండుటయే యని మా యభిప్రాయము.

నేడు కామ చెక్కు రైతు నేలపై గూర్చుండి, కొయ్యను పాదముతో నదిమిపట్టి, బాడిస వేయుచున్నాడు. మన వడ్రంగులు తరతరములుగా నిట్లే చేయుచున్నారు. వారి కాలు రెండవ చేయివలె బనిచేయును. చిన్ననాటినుండి యలవడిన యా నేర్పును మేము తక్కువ చేయము. కాని యేడాదికి నాలుగుమాఱులు బాడిస పట్టు రైతునకది యెట్లు వచ్చును? బాడిస జాఱినచో దెబ్బ పాదమునకే తగులును. తెగిన కాలితో మడిలో దిగినవాని గాయమునకు బురదయు పేడయు సోకును. అందుండి ధనుర్వాతము రాగలదు. కొయ్యను వైసు పట్టుకొనినచో రెండు చేతులును పనిముట్టునకే దక్కును, కాలు దెబ్బకు దూరముగా నుండును.

బజారులో ఇనుప వైసు దొరకునుగదా యని కొందఱు సభ్యు లడుగుదురు. అది సాధారణముగా ఇనుపపనికై చేసినది. దాని దవడలు ఇఱుకైనవి, వానిపై గంట్లుండును. బిగించినకొలది యా గంట్లు కొయ్యను గొఱుకును. కొయ్యను బట్టుటకు వెడల్పయిన కొయ్య దవడయే తగినది. ఇది క్రొత్త మాట గాదు. ఫ్రాన్సు దేశమున రూబో యను వడ్రంగి 1769 మొదలుకొని ప్రకటించిన గ్రంథమునందు, బల్లకాలి ముందర నిలువుకొయ్యను మరతో బిగించు వైసు చిత్రింపబడి యున్నది. అట్టిదానిని మన యూరి కొయ్యతో, ఇనుప సామానుమాత్రము కొని, చేయించుకొనవచ్చును.

విధానమిది. నల్లతుమ్మ యిందుకు మేలైన కొయ్య. పచ్చికొయ్య ఆఱునప్పుడు మెలితిరుగును, దవడలు కలియవు. కావున విప్పిన పాతయింటి దూలము మఱింత మేలు. బల్ల 33 అంగుళముల యెత్తు, దాని ముందుకాలు 5 అంగుళముల వెడల్పు, 4 అంగుళముల మందము గలిగి యుండవలెను. దవడ పలక 32 అంగుళముల పొడవు, 7 అంగుళముల వెడల్పు, 2½ అంగుళముల మందము చాలును. పైనుండి 10 అంగుళముల దిగువ, దవడలోను కాలిలోను మరకు రంధ్రము చేయవలెను. దవడలోని రంధ్రము పైకి క్రిందికి గొంచెము కోలగా నున్నచో మర యొఱయదు.

పొడవునా మర కోసిన ఇనుపకడ్డీలు దుకాణములలో దొరకును. అంగుళము మందము, 18 అంగుళముల పొడవు గల ముక్క చాలును. ఒక నట్టును బల్లకాలి వెనుక దొలిచిన గుంటలో గూర్చి, నడుమ రంధ్రముగల రేకును మరమేకులతో దానిపై బిగింపవలెను. కడ్డీ ముందుకొనకు వేఱొక నట్టును, దానికడ్డముగా గొట్టపు ముక్కను వెల్డింగు చేయించి, గొట్టములో 12 అంగుళముల కొయ్యపిడిని దూర్పవలెను. నట్టునకును దవడకును నడుమ వాషరు ఉండవలెను.

ఇక అడుగు పట్టె. ఇదియే యీ వైసునకు బ్రాణము. దవడ యడుగున నొక పట్టెను గట్టిగా బిగించి, బల్లకాలిలో దొలిచిన బెజ్జముగుండ వెనుకకు బోనీయవలెను. పట్టెకు రెండు వరుసల రంధ్రములు, వరుసలో నంగుళమున కొక్కటి చొప్పున, రెండవ వరుసను అర అంగుళము జరిపి చేయవలెను. పట్టదలచిన కొయ్య మందమునకు గొంచెము మించిన దూరమున, కాలి ముందర, ఇనుపచీలను గ్రుచ్చినచో దవడ పైయంచు ముందుగా దగిలి గట్టిగా బట్టును. పట్టె లేకున్నచో దవడ యడుగు లోనికి బోవును, పైభాగము నోరు దెఱచును, కొయ్య జాఱిపోవును.

దవడ నేలవఱకు నంత పొడవేల యని యడుగవచ్చును. మరకు 20 అంగుళముల దిగువ చీల యున్నచో, మర బలములో మూడింట రెండువంతులు దవడ పైయంచునకు జేరును. చీల 10 అంగుళముల దిగువనే యున్నచో సగమే చేరును. అంగుళమునకు 8 చుట్లు గల మరయైనచో ఒక్క త్రిప్పునకు దవడ జరుగునది అంగుళములో నెనిమిదవ వంతే. అందుచేతనే కొద్దిపాటి చేతిబలము పెద్దపట్టుగా మాఱును. దవడ లోముఖమునకు పాత తోలు అంటించి, మరకు బండికందెన పూయవలెను. మర వదలించిన పిమ్మట దవడను చేతితోనే వెలికి లాగుకొనవలెను.

దీనివలన వడ్రంగి జీవనము చెడునని కొందఱు భయపడుదురు. తొలకరిలో నతనికి జేతినిండ బని యుండును; కామలపనిలో నతనికి మిగులునది స్వల్పము. తలుపులు, ద్వారబంధములు, మంచములు ఎప్పటికిని అతనివే. పైగా ఈ బల్లయు వైసును సంఘము తగిన కూలి యిచ్చి యతనిచేతనే చేయింపవలెను, చిన్నవారికి వాడుక నేర్పుమని యతనినే కోరవలెను.

పదిమందిలో పాము చావదన్నట్లు, ఉమ్మడి సొత్తు పాడగునని మఱికొంద ఱందురు. ఎరువు పుచ్చుకొని పోయిన పనిముట్టు తిరిగి రాకపోవుట మన మెఱుగనిది కాదు. కాని వైసు బల్లకు, బల్ల గిడ్డంగి వసారాకు గట్టుబడి యుండును. దానిని ఇంటికి గొనిపోవువారుండరు. పని గలవాడే దానియొద్దకు రావలెను. ఏడాదికి నాలుగు దినములు మాత్రమే యక్కఱపడు వస్తువును పది యిండ్లు పది చేయించుకొనుట ధనము పాఱబోయుటయే. ఇట్టి వస్తువును గూడి సంపాదించి కూడి వాడుకొనుటకే గదా మనము సంఘముగా నేర్పడినది!

కావున సభ్యులు వచ్చు సర్వసభ్య సమావేశమున దీనిని దీర్మానముగా దెచ్చి, బల్లపై గనిపెట్టియుండుట కొక సభ్యుని నియమింపవలెనని మా మనవి. అంతవఱకు నూరక యుండ నక్కఱలేదు. ఊరిలో నెవరైన పాతయిల్లు విప్పుచున్నచో, ఆ దూలములు వంటచెఱకు గాకమునుపే సంఘము రెంటిని కొని నీడను బెట్టవలెను.